తమ విధేయురాలు

కొన్నేళ్ల క్రితం ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. ఏడాదికోసారి కాంట్రాక్టు రాసుకునే ఉద్యోగం. ఒక సాయంత్రం స్టాఫ్‌రూమ్ ఖాళీ అయ్యాక, కామర్స్ చెప్పే సహోద్యోగి వచ్చి నాలుగు మడతలు పెట్టిన కాగితం నా బల్ల మీద ఉంచి, "అక్కా, భాష కాస్త చూసిపెట్టండి" అంది.

అది ప్రిన్సిపాల్‌కీ యాజమాన్యానికీ రాసిన ఉత్తరం. రికార్డుల్లో మగపేరుతో ఉన్నా తను మొదటినుంచీ ఆడమనిషినేనని, డాక్టర్ల సలహా మీద చికిత్స మొదలైందని, వేసవి సెలవుల తర్వాత చీర కట్టుకుని కొత్త పేరుతో కాలేజీకి వస్తానని అందులో ఉంది. తెలుగులోనే ఎందుకు రాశావని అడిగాను. "ఇంగ్లీషులో రాస్తే లాయరు నోటీసులా ఉంటుందక్కా" అంది.

సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని కదా, ఎర్ర పెన్ను తీశాను. మూడు మార్పులు చేశాను. "చీర కట్టుకుని వస్తాను" అన్నదానికి ముందు "తమరు అనుమతించిన పక్షంలో" అని చేర్చాను. "ఈ ఆరేళ్లలో నా క్లాసు ఒక్కటి కూడా ఖాళీగా పోలేదు" అన్న వాక్యం గొప్పలు చెప్పుకున్నట్టుందని కొట్టేశాను. చివర "ఇట్లు" అని రాసి ఖాళీ వదిలితే, అక్కడ "తమ విధేయురాలు" అని నింపాను. మంచి పని చేశాననుకుంటూ ఆమె ముఖంలోకి చూశాను. ఆమె ఆ మాటని చాలాసేపు చూసింది. "ఈ 'రాలు' కోసం ఎన్నేళ్ల నుంచో చూస్తున్నానక్కా. దాని ముందు 'విధేయ' లేకుండా రాదా?" అంది.

నేను నవ్వేశాను. ఆ ప్రశ్న మాత్రం అప్పట్నుంచీ నన్ను వదల్లేదు.

ఉత్తరాలు, డైరీలు, వంటింటి లెక్కల పుస్తకాలు, లాలిపాటలు కూడా సాహిత్యమేనని వాదించి ఒప్పించింది స్త్రీవాద విమర్శ. ఆఫీసు ఉత్తరాన్ని మాత్రం మనం పట్టించుకోలేదు. సెలవు చీటీ, సంజాయిషీ, ప్రసూతి సెలవు దరఖాస్తు, వేధింపుల మీద ఫిర్యాదు - ఉద్యోగం చేసే స్త్రీలు జీవితంలో అన్నిటికన్నా ఎక్కువగా రాసేవి ఇవే. వీటన్నిటిలోనూ చదివేవాడి చేతిలో రాసేదాని జీతం ఉంటుంది. ట్రాన్స్ వ్యక్తులు పై అధికారికీ తోటి ఉద్యోగులకీ తమ జెండర్ గురించి చెప్పుకునే ఉత్తరం, కమింగ్ ఔట్ లేఖ, ఈ కుటుంబంలోదే. ప్రేమలేఖ మనసుని అడుగుతుంది, దరఖాస్తు ఉద్యోగాన్ని అడుగుతుంది. ఈ ఉత్తరం రెండూ ఒకే కాగితం మీద అడగాలి. నన్ను నన్నుగా చూడండి, నా పని నాకు ఉంచండి అని.

మన భాషలో ఈ ఉత్తరానికి మరో చిక్కుంది. తెలుగులో "నేను"కి లింగం లేదు. వచ్చాను, చెప్పాను, చేస్తాను - రాసింది ఆడో మగో క్రియ చెప్పదు. హిందీలో "ఆతా హూ", "ఆతీ హూ" అని నోరు తెరిచిన మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. తెలుగులో మన లింగం మన నోట్లో కన్నా ఎదుటివాళ్ల నోట్లో ఎక్కువ ఉంటుంది. వచ్చాడు, వచ్చింది అని వాళ్లు మన గురించి అనుకునేటప్పుడు బయటపడుతుంది. అంటే, నా సహోద్యోగి ఆ ఉత్తరంలో అడిగింది తన వాక్యాలు మార్చుకునే హక్కు కాదు. తను లేనప్పుడు స్టాఫ్‌రూమ్‌లో తన గురించి మాట్లాడుకునే వాక్యాలు మార్చమని.

ఆ మార్పులో దక్కేదేమిటో కూడా చూడాలి. చిన్నయసూరి బాలవ్యాకరణం ప్రకారం స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు పోగా మిగిలినవి మహద్వాచకాలు. ఏకవచనంలో ఆవు వచ్చింది, బస్సు వచ్చింది, మేడమ్ వచ్చింది. బహువచనంలో మాత్రం మనకి మగవాళ్ల "వచ్చారు" దొరుకుతుంది. ఒకరుగా ఉంటే బస్సుతో, పదిమందిగా ఉంటే మనుషులతో. "గారు" తగిలిస్తే ఎవరైనా "వచ్చారు"లోకి వస్తారు, అందుకే మర్యాద అంటే మనకి అంత పట్టింపు. ఒక ట్రాన్స్ స్త్రీ "వచ్చాడు" నుంచి "వచ్చింది"లోకి వచ్చేటప్పుడు, పుట్టుకనుంచి మనకి రాసిపెట్టిన ఆ తక్కువ స్థానాన్ని తెలిసి తెలిసి కోరుకుంటోంది. ఎగతాళి చేసేవాళ్లు అదే అదనుగా "ఆమె"ని వదిలేసి "అది వచ్చింది" అంటారు. వ్యాకరణం తప్పదు, మనిషి మాత్రం పోతుంది.

ఈ తరహా ఉత్తరాల్లో లోకమంతా చదివింది ఒకటుంది. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో ఎయిమీ స్టీఫెన్స్ 2013 జూలై 31న తన యజమాని చేతికి ఇచ్చిన ఉత్తరం. ఆమె పనిచేసింది హారిస్ అనే పేరున్న, అంత్యక్రియలు జరిపించే సంస్థలో. మృతదేహాన్ని పాడవకుండా భద్రపరచి, బంధువులు కడసారి చూసుకునేందుకు సిద్ధం చేయడం, ఆ తర్వాత జరిగే తతంగమంతా దగ్గరుండి నడిపించడం ఆమె పని. 2007లో చేరింది, అప్పటికి దాదాపు ఆరేళ్లు. ఉత్తరం ఇవ్వడానికి ముందు, 2012 నవంబరులో, పెరట్లో తుపాకీ పట్టుకుని నిలబడి చనిపోదామనుకుని ఆగిపోయానని తర్వాత చెప్పింది. ఆ రాత్రి ఉత్తరంలో ఎక్కడా లేదు. ఉత్తరాన్ని చదవడం అక్కణ్నుంచే మొదలుపెట్టాలి.

ఆమె ఉత్తరం స్నేహితులనీ సహోద్యోగులనీ సంబోధించి మొదలవుతుంది. మీలో చాలామందిని ఎన్నాళ్లుగానో ఎరుగుదును, అందరినీ స్నేహితులుగానే భావిస్తాను అంటుంది. విషయం చెప్పకముందే సహనం, అవగాహన, అండ అడుగుతుంది. ఆ తర్వాత వైద్యుల పరిభాషలో తన స్థితికి పేరు పెడుతుంది. జీవితమంతా దీన్ని దాచుకున్నానంటుంది. సెలవు ముగిశాక, ఆగస్టు 26న, ఉద్యోగానికి తగిన దుస్తుల్లో స్త్రీగా తిరిగి వస్తానంటుంది. మీకు అర్థం కాకపోవచ్చు, రోజూ దీంతో బతికే నాకే పూర్తిగా అర్థం కాలేదని ఒప్పుకుంటుంది. చివరికి, ఇన్నాళ్లూ చేసినట్టే నా పని శాయశక్తులా చేస్తూ ఇక్కడే కొనసాగాలన్నది నా కోరిక అని ముగిస్తుంది.

మొదటిసారి చదివినప్పుడు నాకు విసుగు కలిగింది. ఇంత బతిమాలుకోవడం ఎందుకు, తన జబ్బేదో తనే నమోదు చేసుకుంటున్నట్టు ఆ వైద్య పరిభాష ఎందుకు అనుకున్నాను. తర్వాత నా ఎర్ర పెన్ను గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ ఉత్తరంలోని వినయం ఆమె శైలి కాదు, ఆ ప్రక్రియ వసూలు చేసే సుంకం. తన గురించి చెప్పుకునే మనిషే ఎదుటివాళ్ల ఇబ్బందిని ముందుగా ఊహించి, దాన్ని ఓదార్చి, ఆ తర్వాత తన మాట చెప్పాలి. ఇంట్లో అందరి భోజనాలూ అయ్యాక తినే అలవాటున్న మనకి ఈ వాక్యక్రమం కొత్తది కాదు.

అయినా ఆ ఉత్తరంలో లొంగని చోట్లు రెండున్నాయి. ఒకటి తేదీ. వస్తానని రోజుతో సహా చెప్పింది, రావచ్చునా అని అడగలేదు. రెండోది చివరి మాట. అక్కడ తన శరీరాన్ని వదిలేసి తన పనితనాన్ని ముందు పెట్టింది. నా సహోద్యోగి ఉత్తరంలోనూ సరిగ్గా ఆ రెండూ ఉన్నాయి. ఒకదానికి నేను "అనుమతించిన పక్షంలో" తగిలించాను. రెండోదాన్ని కొట్టేశాను.

ఎయిమీ యజమాని ఉత్తరం చదివి జేబులో పెట్టుకున్నాడు. రెండు వారాల తర్వాత ఆమెని ఉద్యోగంలోంచి తీసేశాడు. నోరు విప్పకుండా ఉంటే కొంత డబ్బిస్తామన్నారు, ఆమె వద్దంది. ఆ తర్వాత విచారణలో, ఆమె ఇక మగవాడిగా కనిపించదలచుకోలేదని, ఆడవాళ్ల దుస్తులు వేసుకుంటానందని, అందుకే తీసేశానని అతనే చెప్పాడు. దుఃఖంలో ఉన్న కుటుంబాలకి ఇబ్బంది అన్నాడు, తన మతవిశ్వాసాలకి విరుద్ధమన్నాడు. పని బాగోలేదని మాత్రం అనలేదు.

ఇక్కడ మన పాఠకులు ఒక వివరం దగ్గర ఆగాలి. ఆ సంస్థలో మగవాళ్లు సూటు, టై వేసుకోవాలి. ఆడవాళ్లు స్కర్టు, జాకెట్టు. జనానికి కనిపించే పనుల్లో ఉన్న మగవాళ్లకి సూట్లు సంస్థే కుట్టించి ఇచ్చేది. ఆడవాళ్లు తమ బట్టలు తామే కొనుక్కోవాలి. ఎయిమీ తరఫున 2014 సెప్టెంబరులో కేసు వేసిన ప్రభుత్వ సంస్థ, సమాన ఉద్యోగావకాశాల కమిషన్, ఈ బట్టల వివక్షని కూడా అందులో చేర్చింది. ఆ తర్వాతి నెలనుంచి ఆడవాళ్లకి ఏటా కొంత సొమ్ము ఇవ్వడం మొదలైంది. కేసు చివర కుదిరిన ఒప్పందంలో ఆ సంస్థ ఆడ ఉద్యోగులకి రావలసిన బట్టల డబ్బు కూడా చేరింది. ఒక ట్రాన్స్ స్త్రీ నేను స్కర్టు వేసుకుంటానని అడిగినందుకు, స్కర్టు వేసుకుంటున్న స్త్రీలందరికీ ఎంత నష్టం జరుగుతోందో లెక్క తేలింది.

ఆ కేసులో ఎయిమీ వైపు నిలిచిన పాత తీర్పు కూడా ఒక స్త్రీదే. ప్రైస్ వాటర్‌హౌస్ అనే అకౌంటింగ్ సంస్థలో 1982లో భాగస్వామ్యానికి ప్రతిపాదించిన 88 మందిలో ఆన్ హాప్కిన్స్ ఒక్కతే ఆడమనిషి. కోట్ల డాలర్ల కాంట్రాక్టు తెచ్చిపెట్టింది. అయినా భాగస్వామ్యం ఇవ్వలేదు. నడక, మాట, దుస్తులు కాస్త ఆడతనంగా ఉండాలని, ముఖానికి రంగూ ఒంటికి నగలూ ఉంటే బాగుంటుందని ఒక భాగస్వామి సలహా ఇచ్చాడు. స్త్రీ ఇలా ఉండాలి అన్న మూసని బట్టి ఉద్యోగంలో నష్టం చేయడం కూడా లింగవివక్షేనని 1989లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఆన్‌ని తగినంత స్త్రీగా లేదన్నారు. ఎయిమీని స్త్రీగా ఉండడానికే వీల్లేదన్నారు. కొలబద్ద ఒకటే, అది ఉన్నదీ ఒకే రకం చేతుల్లో. 2018లో అప్పీలు కోర్టు ఎయిమీ పక్షాన తీర్పిస్తూ ఆన్ కేసునే ఆధారం చేసుకుంది. 2020 జూన్ 15న సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురుగా విడిపోయి, 1964 నాటి పౌరహక్కుల చట్టం ట్రాన్స్ ఉద్యోగులకీ వర్తిస్తుందని తేల్చింది. ఆ మాట వినడానికి ఎయిమీ లేదు. మే 12న మూత్రపిండాల జబ్బుతో చనిపోయింది.

స్త్రీవాదుల్లోనే కొందరు ఒక అభ్యంతరం చెబుతారు. మనం వదిలించుకోవాలని చూస్తున్న చీరనీ స్కర్టునీ వీళ్లు ఏరికోరి ఎత్తుకోవడమేమిటని. నాకూ ఆ అనుమానం ఉండేది. ఎయిమీ ఉత్తరం దాన్ని తీర్చింది. సంస్థ నియమాల్లో స్త్రీకి స్కర్టు అని రాసి ఉంది. ఆమె ఆ నియమాన్ని పాటిస్తానంది. పాటిస్తానన్నందుకే పంపించేశారు. నియమం రాసినవాణ్ని వదిలేసి, దానికి తలవంచి ఉద్యోగం కాపాడుకోవాలనుకున్న మనిషిని నిలదీయడం ఏ రకం స్త్రీవాదం? రోజూ స్టాఫ్‌రూమ్‌లోకి పిన్నులు పెట్టిన చీరలో వెళ్లే నేను, ఆమె చీర మీద సిద్ధాంతం మాట్లాడడం ఇంకా అన్యాయం.

ఎదురు దిశనుంచి వచ్చిన సాక్ష్యం మరొకటుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మెదడు కణాల మీద పరిశోధన చేసిన బెన్ బారెస్ నలభై ఏళ్లకి పైగా స్త్రీగా బతికి, 1997లో పురుషుడిగా మారుతున్నానని తోటి శాస్త్రవేత్తలకి తెలియజేశాడు. 2006లో నేచర్ పత్రికలో రాసిన వ్యాసంలో తన రెండు జీవితాలనీ పక్కపక్కన పెట్టి చూపించాడు. విద్యార్థినిగా ఎవరూ చేయలేని లెక్క చేస్తే, నీ స్నేహితుడు చేసిపెట్టి ఉంటాడన్నారట. పురుషుడయ్యాక అతని ప్రసంగం విన్న ఒకాయన, ఇతని పని ఇతని చెల్లెలి పనికన్నా చాలా మెరుగ్గా ఉందన్నాడట. ఆ చెల్లెలెవరో కాదు, తనే. పనిచోట ప్రతిభని చూసి గౌరవిస్తున్నామనే అబద్ధాన్ని ఇంత దగ్గరనుంచి పట్టుకున్న రచన నాకు మరొకటి తెలియదు. రెండు వైపులా నిలబడి చూసినవాడు కాబట్టి అది అతనికే సాధ్యమైంది.

చెప్పుకుంటే పోయేది జీతం ఒక్కటే కాదని లిన్ కాన్వే జీవితం చెబుతుంది. కంప్యూటర్ ఒకే సమయంలో అనేక ఆదేశాలను నడిపించే పద్ధతి మీద ఐబీఎంలో పనిచేస్తూ, తను స్త్రీగా మారబోతున్న సంగతి చెప్పినందుకు 1968లో ఉద్యోగం పోగొట్టుకుంది. కొత్త పేరుతో అట్టడుగునుంచి మళ్లీ మొదలుపెట్టింది. పాత అనుభవం చెప్పుకుంటే పాత పేరు బయటపడుతుంది కాబట్టి అంతకుముందు చేసిన పనిని తనదని చెప్పుకోలేకపోయింది. ఆ తర్వాత కార్వర్ మీడ్‌తో కలిసి ఆమె రాసిన పుస్తకం చిప్‌ల రూపకల్పన బోధననే మార్చేసింది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో వీఎల్‌ఎస్‌ఐ చదివి హైదరాబాదు కంపెనీల్లో చిప్‌లు డిజైన్ చేస్తున్న అమ్మాయిలు ఆ దారిలో నడుస్తున్నవాళ్లే. ఐబీఎం క్షమాపణ చెప్పింది 2020లో. యాభై రెండేళ్లకి. ఇంటిపేరు మారి, సర్టిఫికెట్లలో ఒక పేరు, జీతం చిట్టాలో ఒక పేరుతో తిరిగే మన స్త్రీలకి, చేసిన పని తనదని చెప్పుకోలేకపోవడం అంటే ఏమిటో కొంతైనా అర్థమవుతుంది.

తెలుగులో ఈ అనుభవం మనకి ముఖ్యంగా ఆత్మకథ రూపంలో చేరింది. తమిళనాడుకి చెందిన ఎ. రేవతి ఆత్మకథని పి. సత్యవతి గారు "ఒక హిజ్రా ఆత్మకథ"గా అనువదించారు. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. స్త్రీవాద కథకురాలు ఆ పుస్తకాన్ని తన చేతుల్లోకి తీసుకోవడం మన సాహిత్యంలో చిన్న విషయం కాదు. భిక్షాటన, సెక్స్ వర్క్ తప్ప మరో దారి లేని చోటునుంచి బెంగళూరులో ఒక హక్కుల సంస్థలో ఉద్యోగందాకా రేవతి ప్రయాణం చదువుతుంటే, కమింగ్ ఔట్ లేఖ రాయడానికి ముందు ఒక ఉద్యోగం ఉండాలన్న సంగతి గట్టిగా తెలుస్తుంది. చాలామందిని ఇంట్లోంచీ బడిలోంచీ ముందే గెంటేస్తాం కాబట్టి ఆఫీసులో చెప్పుకునే అవసరమే రాదు. అలా చూస్తే ఎయిమీ ఉత్తరం, నా సహోద్యోగి ఉత్తరం కూడా కొంత వెసులుబాటు ఉన్నవాళ్ల రచనలు. ఆ వెసులుబాటు ఎంత పల్చనిదో ఉత్తరం ఇచ్చిన మర్నాడు తెలుస్తుంది.

చట్టాలు రాలేదని కాదు. 2014 ఏప్రిల్‌లో నల్సా తీర్పు వచ్చింది. 2019 చట్టం ఉద్యోగాల్లో వివక్షని నిషేధించింది. అయినా 2022లో హైదరాబాదు ఉస్మానియా ఆస్పత్రిలో ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు, ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ చేరినప్పుడు, అంతకుముందు ఒక ప్రైవేటు ఆస్పత్రి రోగులు రావడం మానేస్తారని తనని పంపించేసిందని ప్రాచీ చెప్పింది. ఉత్తరప్రదేశ్‌లో ఒక స్కూలు తీసేసి, గుజరాత్‌లో మరో స్కూలు ఇస్తానన్న ఉద్యోగం ఇవ్వకపోవడంతో సుప్రీంకోర్టుకి వెళ్లిన టీచర్ జేన్ కౌశిక్‌కి పరిహారం దక్కింది 2025 అక్టోబరులో. అమెరికాలో ఎయిమీ కోసం పోరాడిన కమిషనే 2025లో ట్రాన్స్ ఉద్యోగుల తరఫున వేసిన పలు కేసుల్ని వదులుకుంది. రోగులు ఏమనుకుంటారో, తల్లిదండ్రులు ఏమనుకుంటారో, దుఃఖంలో ఉన్న బంధువులు ఏమనుకుంటారో. ఎక్కడైనా యజమాని తన మాటని ఎవరో మూడో మనిషి నోట్లో పెట్టి చెబుతాడు.

మా కాలేజీలోనూ అదే జరిగింది. ఉత్తరం అందిన వారం తర్వాత యాజమాన్యం ఆమెని పిలిచి, మాకేం అభ్యంతరం లేదు, పిల్లల తల్లిదండ్రులే ఒప్పుకోరు అన్నది. "తమరు అనుమతించిన పక్షంలో అని మీరే రాశారు కదా, మేం అనుమతించడం లేదు" అన్నారట. ఆ మాట రాసింది నేను. ఆమె అది వాళ్లకి చెప్పలేదు, నాకూ ఎత్తిచూపలేదు. తలుపు దాకా వచ్చి, "భాష బాగుందనే అన్నారక్కా" అంది, అంతే. ఆ ఏడాది ఆమె కాంట్రాక్టు మళ్లీ రాయలేదు. కారణం అడిగితే వర్క్‌లోడ్ తక్కువన్నారు. ఆరేళ్లలో ఒక్క క్లాసూ ఖాళీ పోలేదన్న వాక్యం ఉత్తరంలో ఉండుంటే ఆ అబద్ధం అంత సులువుగా చెప్పగలిగేవాళ్లా? చెప్పేవాళ్లేమో. కానీ ఫైల్లో దాని పక్కనే నిజం కూడా ఉండేది.

స్టాఫ్‌రూమ్‌లో మేం తొమ్మిదిమంది ఆడవాళ్లం. ఆ వారమంతా మాట్లాడుకున్నది ఒకటే, ఆమె ఏ టాయిలెట్‌కి వెళుతుందన్నది. ఉన్నది ఒకటే టాయిలెట్, దాని గడియ రెండేళ్లుగా ఊడిపోయి ఉంది. ఒకరు లోపలికి వెళితే మరొకరు బయట కాపలా ఉండేవాళ్లం. ఆ గడియ గురించి తొమ్మిదిమందిలో ఎవరం ఒక్క ఉత్తరం రాయలేదు. ఆమె వస్తే మన భద్రత ఏమిటని మాత్రం అడిగాం. "అడిగాం" అనే రాస్తున్నాను. నేను అడగలేదు గానీ, అడిగినవాళ్లని ఆపనూ లేదు.

ఇప్పుడు ఆమె మరో ఊళ్లో ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర లెక్కలు రాస్తోంది. అక్కడ అందరూ "మేడమ్ గారు వచ్చారు" అంటారని మొన్న ఫోన్‌లో చెప్పింది. నేనూ ఉద్యోగం మారాను. మొదటిరోజు చేరిక పత్రం రాస్తూ, చివరికి వచ్చేసరికి అలవాటుగా "తమ విధేయురాలు" అని రాయబోయి ఆగాను. "ఇట్లు" అని రాసి, కింద పేరు పెట్టాను. గుమస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "విధేయురాలు అని లేదే మేడమ్?" అన్నాడు. "పేరు ఉందిగా, చాలు" అన్నాను. తీసుకున్నాడు.